భూగర్భ జలాల నమూనా, పరీక్ష, అంకెల అర్థం: క్షేత్రంలో పని నేర్చుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రామాల్లో నీటి పరీక్షలపై శిక్షణ ఎక్కడ జరిగినా కొన్ని సందేహాలు తప్పకుండా వస్తాయి. జల్ జీవన్ మిషన్ కింద కిట్ అందుకున్న మహిళలు, భూగర్భ శాస్త్రం చదివే విద్యార్థులు, సొంత బోరు గురించి బెంగపడే రైతులు అడిగే మాటలు వేరు కావచ్చు, సందేహం మాత్రం ఒకటే. ఆ ప్రశ్నలను పని సాగే వరుసలో ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే చదవడం మొదలుపెట్టవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా తెలుగు రాష్ట్రాల రాతి నేలలవి, కొన్ని డెల్టావి. తప్పుల్లో ఎక్కువ భాగం కిట్ మూత తీయకముందే, బావి గట్టు మీదే జరుగుతాయని నా గట్టి నమ్మకం. అందుకే నమూనా సేకరణ గురించి ఎక్కువగా రాశాను.

## బయలుదేరే ముందు

ఊళ్లో అరవై బోర్లున్నాయి. అన్నిటినీ పరీక్షించాలా?

ముందు ఎందుకు పరీక్షిస్తున్నారో తేల్చుకోండి. తాగునీటి కోసమైతే జనం తాగే ప్రతి బోరునూ, ప్రతి చేతిపంపునూ చూడాల్సిందే. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో కూడా ఫ్లోరైడ్ వేర్వేరుగా ఉంటుంది కాబట్టి ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అంటగట్టకూడదు. ఊరి నేల తీరు తెలుసుకోవడమే లక్ష్యమైతే కొన్నిటిని ఎంచుకుంటే సరిపోతుంది: మెరకన ఒకటి, చెరువు కింద ఆయకట్టులో ఒకటి, ఇళ్ల మధ్య ఒకటి, ఊరికి దూరంగా పొలంలో ఒకటి, లోతు తక్కువవి, ఎక్కువవి. రోడ్డు పక్కనున్నాయి కదా అని వాటినే ఎంచుకుంటే ఊరి నేల గురించి మీకు తెలిసేది తక్కువ.

ఏ కాలంలో నీళ్లు పట్టాలి?

ఒక్కసారే వీలైతే మే నెలలో పట్టండి. నీటిమట్టం బాగా దిగిపోయి, లవణాలు చిక్కబడి ఉంటాయి. రెండుసార్లు వీలైతే మేలో ఒకసారి, వానలు వెనకబట్టాక నవంబరులో ఒకసారి. రెండింటినీ పక్కపక్కన పెడితే వాన నీరు ఆ బోరుకు చేరుతోందో లేదో తెలుస్తుంది. సూక్ష్మజీవుల సంగతి వేరు. వాటికి అసలైన ముప్పు తొలకరి వానల్లో, మురుగు కొట్టుకొచ్చి బావుల్లో దిగినప్పుడు ఉంటుంది. ఆ పరీక్షను జూన్, జూలైల్లో తప్పక చేయండి.

సంచిలో ఏమేమి ఉండాలి?

పీహెచ్ మీటరు (నీటి ఆమ్ల, క్షార గుణం కొలిచేది), ఈసీ మీటరు (నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచేది), వాటిని సరిచూసే ద్రావణాలు, డిస్టిల్డ్ వాటర్, కిట్, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ సీసాలు, నీటిమట్టం కొలిచే టేపు, మంచు గడ్డలు వేసిన పెట్టె, చేతి తొడుగులు, చెరగని సిరా కలం, పుస్తకం. గడియారం, స్థానం నమోదు చేసే సౌకర్యం ఫోనులోనే ఉంటాయి. కిట్‌లోని ప్రతి రసాయనం సీసా మీద గడువు తేదీ చూసి మరీ బయలుదేరండి. ఎండలో జీపు వెనక నెలల తరబడి తిరిగిన కిట్‌ను గడువు తీరకపోయినా నమ్మకూడదు.

మీటరు కొత్తదే. అయినా రోజూ సరిచూడాలా?

చూడాలి. పీహెచ్ మీటరును 7.0 ద్రావణంతోనూ, 4.0 లేదా 9.2 ద్రావణంతోనూ రోజూ పొద్దున్నే సరిచూడండి. మన రాతి నేలల నీళ్లు ఎక్కువగా 7 నుంచి 8.5 మధ్య ఉంటాయి కాబట్టి 7.0, 9.2 జత మేలు. ఈసీ మీటరుకు 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణం వాడతారు. వాడిన ద్రావణాన్ని తిరిగి అదే సీసాలో పోయవద్దు. పీహెచ్ ఎలక్ట్రోడ్ కొన ఎండిపోతే మీటరు నెమ్మదిస్తుంది, ఆపైన అబద్ధం చెబుతుంది. దాన్ని ఎప్పుడూ నిల్వ ద్రావణంలో తడిగా ఉంచాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టినా పాడవుతుంది.

టీడీఎస్ మీటరు ఒక్కటి ఉంటే చాలదా?

చాలదు. శుద్ధి యంత్రాలు అమ్మేవారు ఇంటింటికీ తెచ్చి చూపించే ఆ చిన్న పరికరం నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి అంకె చూపిస్తుంది. గుణకం 0.55 నుంచి 0.75 దాకా ఉండవచ్చు, ఎక్కువ మీటర్లలో 0.64కు దగ్గరగా ఉంటుంది. అంటే ఆ అంకె కరిగిన లవణాల మొత్తానికి ఒక అంచనా. ఆ లవణాలు ఏవో అది చెప్పలేదు.

టీడీఎస్ 650 ఉన్న రెండు బోర్లను ఊహించండి. ఒకదానిలో ఫ్లోరైడ్ 0.6 మి.గ్రా. ఉంటే ఫ్లోరైడ్ గురించి బెంగ లేదు. రెండోదానిలో 3 మి.గ్రా. ఉంటే పిల్లల పళ్లు గారపడతాయి, ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి. 650లో ఆ 2.4 మిల్లీగ్రాముల తేడాను మీటరు పట్టలేదు. సూక్ష్మజీవులైతే దానికి కనిపించనే కనిపించవు. మురుగు కలిసిన బావిలో కూడా టీడీఎస్ 300 ఉండవచ్చు. అయినా ఈసీ కొలవడం మానవద్దు. బోరు నీళ్లు నిలకడకు వచ్చాయో లేదో తెలుసుకోవడానికీ, ప్రయోగశాల లెక్క సరిచూసుకోవడానికీ ఇంతకన్నా చవకైన సాధనం లేదు.

## బావి దగ్గర

మోటారు వేయగానే వచ్చే నీళ్లు పడితే ఏమవుతుంది?

బోరులో నిలిచి ఉన్న నీళ్లు పట్టినవారవుతారు. నేలలోని నీళ్లు కావవి. గాలి తగిలి, కేసింగు (బోరులో దింపిన గొట్టం) ఇనుము తగిలి, వాటి గుణం అప్పటికే మారి ఉంటుంది. నిలిచిన నీటికి మూడింతలు బయటికి పంపాక నమూనా పట్టడం పాత పద్ధతి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్లు పడతాయి. బోరు లోతు 300 అడుగులు, నీటిమట్టం 100 అడుగులు అనుకుందాం. 200 అడుగుల నీటి స్తంభం, అంటే 1,300 లీటర్లు. మూడింతలంటే 3,900. నిమిషానికి 100 లీటర్లు పోసే మోటారు అయితే నలభై నిమిషాలు పడుతుంది.

అంత నీరు పారబోయమంటే రైతు మనసు ఒప్పదు, ఒప్పకపోవడం న్యాయమే. అందుకే ఆయన పొలానికి నీళ్లు పెట్టే వేళకు వెళ్లండి. త్రీఫేజు కరెంటు ఎప్పుడిస్తారో ముందు రోజే కనుక్కోండి. పొద్దున్నుంచి పారుతున్న బోరు దగ్గర మీరు నిరీక్షించే పనే లేదు. ఎక్కడైనా సరే, అయిదేసి నిమిషాల ఎడంతో పీహెచ్, ఈసీ కొలవండి. వరుసగా మూడు కొలతల్లో పీహెచ్ తేడా 0.1 లోపు, ఈసీ తేడా 3 శాతం లోపు ఉంటే సీసా పట్టండి.

ఇంకో సంగతి. రాతి నేలల్లో కేసింగు పైభాగానికే ఉంటుంది, కింద అంతా ఉత్త రాయి. 120 అడుగుల దగ్గర ఒక పగులు, 260 దగ్గర ఇంకొకటి నీళ్లు ఇస్తుండవచ్చు. మీ సీసాలోకి వచ్చేది వాటి మిశ్రమం. మోటారు ఎంతసేపు నడిచిందో దాన్ని బట్టి ఆ పాళ్లు మారుతాయి. అందుకే మోటారు వేసిన సమయం, నమూనా పట్టిన సమయం రెండూ రాసి పెట్టండి.

చేతిపంపు అయితే ఎంతసేపు కొట్టాలి?

ఇండియా మార్క్-2 పంపు నిమిషానికి 40 సార్లు కొడితే సుమారు 12 లీటర్లు ఇస్తుంది. మూడింతల లెక్క దీనికి సాధ్యం కాదు. పొద్దున ఆడవాళ్లు బిందెలు నింపుకునే వేళకు వెళ్లి, వరుసలో చివర నిలబడండి. పంపు అప్పటికే గంటసేపు నడిచి ఉంటుంది, మీ చేతులకూ శ్రమ తప్పుతుంది, ఆ నీళ్ల చరిత్ర అంతా అక్కడే వినవచ్చు. పప్పు ఉడకడం లేదనీ, ఎండాకాలం రుచి మారుతుందనీ వాళ్లు చెప్పే మాటలు పుస్తకంలో రాసుకోండి. ఎవరూ లేకపోతే పది, పదిహేను నిమిషాలు కొట్టి, ఈసీ నిలకడగా ఉందని చూసుకుని పట్టండి.

దిగుడు బావిలో బకెట్ దించి పట్టవచ్చా?

వాడుకలో ఉన్న బావి అయితే పట్టవచ్చు. పైన తేలే తెట్టు, అడుగున ఉండే బురద రెండూ రాకుండా, నీటి ఉపరితలానికి ఒక అడుగు కింద నిండేలా సీసాకు బరువు కట్టి దించండి. వాడకం లేని బావి నీళ్లు వానకూ, ఎండకూ లోబడ్డ కుంట నీళ్లే. దాన్ని భూగర్భ జలంగా లెక్కించకండి.

ట్యాంకు కుళాయి నుంచి పట్టుకుంటే తప్పేమిటి?

జనం ఏం తాగుతున్నారో తెలుసుకోవాలంటే కుళాయి నీళ్లే సరైన నమూనా. బోరు నీళ్లు ఎలాంటివో తెలుసుకోవాలంటే కాదు. ట్యాంకులో రెండు మూడు బోర్ల నీళ్లు కలుస్తాయి, బ్లీచింగ్ పౌడరు వేస్తారు, నిలవడంలో పీహెచ్ పెరుగుతుంది, ఇనుము అడుగుకు దిగుతుంది. ఊరికి సమస్య ఎక్కడ మొదలవుతోందో తేల్చాలంటే బోరు దగ్గర ఒకటి, కుళాయి దగ్గర ఒకటి పట్టి రెండింటినీ వేర్వేరుగా నమోదు చేయాలి.

ఏ పరీక్షకు ఏ సీసా?

ఫ్లోరైడ్, నైట్రేట్, క్లోరైడ్, సల్ఫేట్, కాఠిన్యత (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గుణం), క్షారత (బైకార్బనేట్ వంటివాటి వల్ల ఆమ్లాన్ని తట్టుకునే గుణం) వంటివాటికి ఒక లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. ఫ్లోరైడ్‌కు గాజు వద్దు. ఆ సీసాలో ఏ రసాయనమూ కలపకుండా అంచుదాకా నింపి మూత పెట్టండి. ఇనుము, మాంగనీసు, యురేనియం వంటి లోహాలకు వేరే సీసా కావాలి. నీటిని 0.45 మైక్రాన్ల వడపోత గుండా పంపి, గాఢ నత్రికామ్లం చుక్కలు వేసి పీహెచ్ 2 లోపుకు తేవాలి. లీటరుకు 2 మి.లీ. సాధారణంగా సరిపోతుంది. ఆమ్లం వేయకపోతే లోహాలు సీసా గోడకు అంటుకుపోతాయి, రిపోర్టులో అంకె తక్కువగా వస్తుంది. ఆమ్లం వేసిన సీసాలో నైట్రేట్ చూడమని మాత్రం అడగకండి, వేసింది నత్రికామ్లమే కదా.

సీసాను అదే నీళ్లతో కడగమంటారు ఒకరు, వద్దంటారు ఒకరు. ఏది నిజం?

సీసాను బట్టి రెండూ నిజమే. మామూలు రసాయన పరీక్షల సీసానూ, మూతనూ అదే బోరు నీళ్లతో మూడుసార్లు తొలిచి పారబోయాలి. ముందే శుద్ధి చేసి సీలు వేసిన సూక్ష్మజీవుల సీసానూ, ముందే ఆమ్లం వేసిన సీసానూ తొలవకూడదు.

సూక్ష్మజీవుల నమూనాలో అంత జాగ్రత్త ఎందుకు?

ఈ ఒక్క పరీక్షలో మీ వేలి కొన కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. లోహపు కుళాయి అయితే మూతిని మంటతో కాల్చండి, ప్లాస్టిక్‌దైతే స్పిరిట్‌తో తుడవండి. రెండు నిమిషాలు నీళ్లు వదిలాక, మూతను లోపలి వైపు తాకకుండా, కింద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని సీసా నింపాలి. పైన కాస్త ఖాళీ ఉంచితే ప్రయోగశాలలో కుదపడానికి వీలవుతుంది. క్లోరిన్ కలిపిన నీళ్లకు సోడియం థయోసల్ఫేట్ వేసిన సీసా తప్పనిసరి. లేకపోతే దారిలోనే క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతూ పోతుంది. మంచు పెట్టెలో పెట్టి అదే రోజు చేర్చండి, 24 గంటలు దాటితే ఆ నమూనాకు విలువ లేదు.

సీసా మీద ఏం రాయాలి?

సంకేత సంఖ్య, ఊరు, తేదీ, సమయం. మిగిలినవి పుస్తకంలో: స్థానం, బోరు లోతు, కేసింగు లోతు, నీటిమట్టం, వాడకం, దగ్గరలో మరుగుదొడ్డి గుంత గానీ, పశువుల కొట్టం గానీ ఎంత దూరంలో ఉందో, అక్కడే కొలిచిన పీహెచ్, ఈసీ, ఉష్ణోగ్రత. చీటీ మూతకు కాకుండా సీసా ఒంటికి అంటించండి, మూతలు మారిపోతాయి. మంచు నీళ్లలో కాగితం నాని చెదిరిపోకుండా దానిమీద పారదర్శకమైన టేపు వేయండి. ఎంత మంచి ప్రయోగశాల అయినా ఏ బోరుదో తెలియని సీసాతో ఏమీ చేయలేదు.

## కిట్ తెరిచాక

పీహెచ్ అక్కడికక్కడే ఎందుకు చూడాలి? ప్రయోగశాలలో చూస్తారు కదా?

నేల లోపల ఒత్తిడిలో నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రాగానే తప్పించుకుంటుంది. అది పోయేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది. బోరు దగ్గర 7.1 ఉన్న నీళ్లు రెండు రోజుల తర్వాత 7.9 చూపించినా ఆశ్చర్యం లేదు. ఆ వెంటే కాల్షియం కార్బనేట్ సీసా అడుగున తెల్లగా పేరుకుంటుంది, దాంతో కాఠిన్యత, క్షారత కూడా తగ్గి కనిపిస్తాయి. క్షారతను సైతం వీలైతే అక్కడే తేల్చండి.

ఫ్లోరైడ్ పరీక్షలో వచ్చిన రంగు, కిట్ రంగు పట్టీలోని రెండు గళ్ల మధ్యలో ఉంది. ఏది రాయాలి?

రెండూ రాయండి: "1.0కి, 1.5కి మధ్య" అని. చాలా కిట్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది. ఈ మధ్య ఛాయలను చూడటంలో చోటును బట్టి పొరపాటు జరుగుతుంది. నేరుగా ఎండలో పట్టుకుంటే గులాబీ వెలిసినట్టు కనిపిస్తుంది, ఎర్ర మట్టి గోడ ముందు పట్టుకుంటే ముదిరినట్టు కనిపిస్తుంది. చెట్టు నీడలో కాక, ఇంటి నీడలో ఆకాశం వెలుతురుకు నిలబడి, పరీక్ష నాళిక వెనక తెల్ల కాగితం పెట్టి, పైనుంచి కిందికి చూడండి. ఆకుల నీడ కూడా రంగు మారుస్తుంది. కిట్ పత్రంలో చెప్పినంతసేపు ఆగాకే చూడాలి. ఇద్దరు విడివిడిగా చూసి, ఒకరి మాట ఒకరు వినకుండా రాసుకుని, తర్వాత పోల్చుకోవడం మంచి అలవాటు.

రంగు పట్టీలో చివరి గడినీ దాటిపోతే "అంతకన్నా ఎక్కువ" అని వదిలేయకండి. 5 మి.లీ. నమూనాకు 5 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్లీ చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

ఫ్లోరైడ్ కిట్‌ను తప్పుదారి పట్టించేవి ఏమిటి?

క్లోరిన్ రంగును విరిచేస్తుంది, కాబట్టి క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. పటిక వేసిన నీటిలోని అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి తక్కువ చూపిస్తుంది. క్షారత బాగా ఎక్కువైనా ఫలితం చెదురుతుంది. ఇలాంటి నీళ్లకు ఫ్లోరైడ్ కొలిచే అయాన్ ఎలక్ట్రోడ్ ఉన్న ప్రయోగశాల మేలు.

కాఠిన్యత పరీక్షలో ఎక్కడ ఆపాలి?

ద్రాక్ష రంగు ఎరుపు పూర్తిగా పోయి స్వచ్ఛమైన నీలం వచ్చిన చుక్క దగ్గర. ఊదా కనిపించగానే ఆపేవారే ఎక్కువ, అది తొందరపాటు. చివర్లో ఒక్కో చుక్క వేసి బాగా కలిపి, రెండు మూడు సెకన్లు ఆగండి. చుక్కలు లెక్కించే సీసాను నిటారుగా పట్టుకోవాలి, వంచితే చుక్క పరిమాణం మారుతుంది.

నా పరీక్ష పట్టీలో నైట్రేట్ 10 వచ్చింది, ప్రయోగశాల 44 ఇచ్చింది. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాకపోవచ్చు. కొన్ని పట్టీలు నత్రజని లెక్కన చూపిస్తాయి, ప్రయోగశాల నైట్రేట్ లెక్కన ఇస్తుంది. మొదటిదాన్ని 4.43తో హెచ్చవేస్తే రెండోది వస్తుంది. భారత ప్రమాణంలోని 45 మి.గ్రా. నైట్రేట్ లెక్కన చెప్పినది. డబ్బా మీద ఏ లెక్కో చూసి పుస్తకంలో స్పష్టంగా రాయండి. ఈ ఒక్క గందరగోళం వల్ల తాగకూడని నీళ్లు మంచివిగా చలామణి అవుతున్నాయి.

తేటగా వచ్చిన నీళ్లు గంటకు ఎర్రబడ్డాయి. మురికి కలిసిందా?

కాదు, ఇనుము. గాలి తగలని చోట ఇనుము కరిగి రంగు లేకుండా ఉంటుంది. బయట ఆక్సిజన్ తగలగానే తుప్పుగా మారి దిగుతుంది. పరీక్షించాలంటే పట్టిన వెంటనే చేయాలి. ఎర్రబడ్డాక పైన తేరిన నీళ్లు పరీక్షిస్తే ఇనుము లేనట్టే కనిపిస్తుంది. పాత కేసింగు పైపు నుంచి కూడా ఇనుము రావచ్చు, ఎక్కువసేపు నడిపాక తగ్గితే అనుమానం పైపు మీదే.

మల కాలుష్యాన్ని పసిగట్టే హెచ్2ఎస్ సీసా నల్లబడింది. విరేచనాలు గ్యారంటీనా?

మలంతో కలుషితమైన సూచన ఉందని మాత్రమే దాని అర్థం. సీసా మీద ఉన్న గుర్తు వరకు నీళ్లు పోసి, గది వేడిమిలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. ఎంత తొందరగా నల్లబడితే అంత అనుమానం. నీళ్లకే కుళ్లిన గుడ్డు వాసన ఉంటే, అంటే సహజంగానే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే, సూక్ష్మజీవులు లేకపోయినా నల్లబడుతుంది. నల్లబడకపోయినంత మాత్రాన పూర్తి భరోసా లేదు. తాగునీటి ప్రమాణం ప్రకారం 100 మి.లీ.లో ఈ. కోలై ఒక్కటి కూడా కనిపించకూడదు. దాన్ని తేల్చేది ప్రయోగశాలే.

కిట్ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

మంచి బోరు, చెడ్డ బోరు, తేల్చవలసిన బోరు అని మూడు కుప్పలు వేయడానికి కిట్ చక్కగా పనికొస్తుంది. ఫ్లోరైడ్ 0.5, 4.0 లాంటి దూరపు అంకెలను నమ్మవచ్చు. 1.2, 1.6 లాంటివి ప్రయోగశాలకు పంపవలసినవే. ప్రతి పది నమూనాలకు ఒకదాన్ని రెండుసార్లు పరీక్షించండి, ఒకసారి డిస్టిల్డ్ వాటర్‌ను కూడా నమూనాలాగే పరీక్షించండి. డిస్టిల్డ్ వాటర్‌లో నైట్రేట్ కనిపిస్తే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాలి.

## అంకెలు చదివేటప్పుడు

ప్రమాణంలో రెండు అంకెలున్నాయి. ఏది హద్దు?

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500: 2012లో మొదటిది ఉండదగిన పరిమితి, రెండోది వేరే దారి లేనప్పుడు ఒప్పుకోగలిగే పరిమితి. లీటరుకు మిల్లీగ్రాముల్లో టీడీఎస్‌కు 500, 2000, కాఠిన్యతకు 200, 600, క్లోరైడ్‌కు 250, 1000, ఫ్లోరైడ్‌కు 1.0, 1.5. నైట్రేట్‌కు 45 ఒక్కటే, సడలింపు లేదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఫ్లోరైడ్ విషయంలో నేను 1.0నే పట్టుకోమంటాను. మండే ఎండల్లో పొలంపని చేసే మనిషి రోజుకు తాగే నీళ్లు చల్లని దేశపు మనిషి తాగేవాటికన్నా చాలా ఎక్కువ, ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్ కూడా అంతే ఎక్కువ.

ప్రయోగశాల రిపోర్టు సరైనదో కాదో నాకెలా తెలుస్తుంది?

నీటిలో ధన అయాన్ల మొత్తం ఆవేశం, రుణ అయాన్ల మొత్తం ఆవేశం సమానంగా ఉండి తీరాలి. ప్రతి అంకెను దాని తుల్యభారంతో భాగించి కూడండి. ఒక లెక్క చూద్దాం. కాల్షియం 32ను 20తో భాగిస్తే 1.60. మెగ్నీషియం 24ను 12.2తో భాగిస్తే 1.97. సోడియం 161ని 23తో భాగిస్తే 7.00. పొటాషియం 4ను 39తో భాగిస్తే 0.10. మొత్తం 10.67. మరో వైపు బైకార్బనేట్ 427ను 61తో భాగిస్తే 7.00. క్లోరైడ్ 71ని 35.5తో భాగిస్తే 2.00. సల్ఫేట్ 38.4ను 48తో భాగిస్తే 0.80. నైట్రేట్ 31ని 62తో భాగిస్తే 0.50. ఫ్లోరైడ్ 2.5ను 19తో భాగిస్తే 0.13. మొత్తం 10.43. తేడా 0.24ను రెండింటి మొత్తం 21.10తో భాగిస్తే 1.1 శాతం. 5 శాతం లోపు ఉంటే మంచి రిపోర్టు, 10 దాటితే వెనక్కి పంపండి.

ఒక వైపు మొత్తాన్ని 100తో హెచ్చవేస్తే ఈసీకి దగ్గరగా రావాలి. ఈ లెక్కలో 1,050 దరిదాపుల్లో ఉండాలి. బోరు దగ్గర మీరు కొలిచిన ఈసీ 1,900 అయితే సీసాలు తారుమారయ్యాయని అర్థం. అచ్చుగుద్దినట్టు సున్నా శాతం తేడా చూపే రిపోర్టు మీదా నాకు అనుమానమే. అందులో సోడియం కొలవకుండా లెక్కగట్టి రాసి ఉంటారు.

ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు సబ్బు బాగా నురగ వస్తుంది. ఎందుకు?

చాలాచోట్ల ఇది నిజం, దీని వెనక రాయి కథ ఉంది. గ్రానైట్‌లోని అభ్రకం, ఫ్లోరైట్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరుగుతుంది. నీటిలో కాల్షియం పుష్కలంగా ఉంటే రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గట్టిపడి ఆగిపోతాయి. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బనేట్ ఎక్కువైన నీటిలో ఆ అడ్డు ఉండదు, ఫ్లోరైడ్ పెరుగుతూ పోతుంది. కాల్షియం తక్కువంటే మెత్తని నీరు, సబ్బుకు నురగ. అందుకే రుచిగా, మెత్తగా ఉన్నాయని జనం ఇష్టపడి తాగే బోరే కొన్నిసార్లు ఊరికి ఎక్కువ హాని చేస్తుంది.

క్షేత్రంలో దీనికి మంచి గుర్తు ఉంది. క్షారత అంకె కాఠిన్యత అంకెకన్నా పెద్దదైతే ఆ బోరును ఫ్లోరైడ్ కోసం ముందుగా పరీక్షించండి. చుక్కలు లెక్కించే రెండు పరీక్షలతోనే ఇంత తెలుస్తుంది.

ఫ్లోరైడ్ నల్లగొండ సమస్య కదా, మా ప్రకాశం జిల్లాలో ఎందుకు చూడాలి?

దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును) వైద్యులు మొదట నమోదు చేసింది మీ వైపే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి ఆ నివేదిక వెలువడింది. ఆ ప్రాంతాల్లో కొన్ని 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వచ్చాయి. ఎద్దులు నడవలేకపోవడాన్ని రైతులు అంతకుముందే గమనించారు. మర్రిగూడ వైపు మనుషుల వంగిన కాళ్లు దేశమంతా చూసింది కాబట్టి నల్లగొండ పేరు ముందుకొచ్చింది. అనంతపురం, కడప, పల్నాడు, పాలమూరు వైపు కూడా అదే రకం రాయి, అదే రకం వాన కొరత.

బోరు ఇంకా లోతుగా వేస్తే ఫ్లోరైడ్ తగ్గుతుందా?

తగ్గుతుందనే ఆశతో చాలామంది అప్పులపాలవుతున్నారు. లోతైన పగుళ్లలో నీరు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటుంది కాబట్టి తరచుగా ఫ్లోరైడ్ పెరుగుతుంది. చెరువు కింద లోతు తక్కువ బావుల్లో ఏటా కొత్త నీరు చేరడం వల్ల తక్కువగా ఉంటుంది. ఇది ఎక్కువ చోట్ల నిజమే కానీ ప్రతిచోటా కాదు. కొత్త బోరుకు డబ్బు పెట్టే ముందు చుట్టుపక్కల అదే లోతు ఉన్న నాలుగు బోర్లను పరీక్షించండి.

డెల్టాలో మా నీళ్లు ఉప్పగా ఉన్నాయి. సముద్రం వచ్చేసిందా?

వచ్చి ఉండవచ్చు, రాకపోయీ ఉండవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల అడుగున సముద్రం నాటి ఉప్పు నీరు పొరల్లో ఇరుక్కుని ఉంది. కాలువల నుంచి ఇంకిన తీపి నీరు దాని పైన పలుచగా తేలుతుంది. మోటారును గట్టిగా లాగిస్తే కింది ఉప్పు పైకి ఉబుకుతుంది. రొయ్యల చెరువుల నుంచి దిగే ఉప్పు ఇంకో కారణం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19,000 మి.గ్రా. క్లోరైడ్ ఉంటుంది కాబట్టి నూటికి రెండు పాళ్లు కలిసినా 380 పెరిగి ఉండదగిన పరిమితి దాటిపోతుంది. ఒక్క నమూనాతో కారణం తేలదు. తీరం నుంచి లోపలికి ఒక వరుసలో, చెరువుల పక్కన, కాలువ పక్కన, వేర్వేరు లోతుల్లో క్లోరైడ్, ఈసీ చూడండి. తీరం నుంచి దూరమైనకొద్దీ తగ్గితే ఒక సంగతి, చెరువు చుట్టూ మాత్రమే ఎక్కువుంటే ఇంకో సంగతి.

నైట్రేట్ ఎరువుల వల్లే కదా?

పొలాల్లో అయితే ఎక్కువగా అవును. ఇళ్ల మధ్య బోర్లలో పొలాలకన్నా ఎక్కువ నైట్రేట్ కనిపిస్తే యూరియాను నిందించకండి. మరుగుదొడ్ల గుంతలు, పెంటకుప్పలు, పశువుల కొట్టాలు చూడండి. నైట్రేట్‌తోపాటు క్లోరైడ్, పొటాషియం కూడా చుట్టుపక్కల కన్నా పెరిగి ఉంటే మురుగు అనుమానం బలపడుతుంది.

ఈ నీళ్లు పొలానికి పనికొస్తాయా?

తాగునీటి పట్టికతో పొలం నీళ్లను తూచకండి. ముందు ఈసీ చూడండి: 750 లోపు నిశ్చింత, 2,250 దాటితే ఉప్పును తట్టుకునే పంటలకే. తర్వాత మిగులు సోడియం కార్బనేట్ లెక్క: తుల్యభారంతో భాగించగా వచ్చిన అంకెల్లో బైకార్బనేట్, కార్బనేట్ మొత్తం నుంచి కాల్షియం, మెగ్నీషియం మొత్తాన్ని తీసేయండి. 1.25 లోపు మంచిది, 2.5 దాటితే నేల చవుడు తేలి, తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా బిగుస్తుంది. బైకార్బనేట్ 7.00, కాల్షియం, మెగ్నీషియం కలిపి 3.57 ఉంటే మిగులు 3.43. అలాంటి నీళ్లు తప్పనిసరైతే జిప్సం వేయడం గురించి వ్యవసాయ అధికారిని అడగండి.

## ఊరికి చెప్పేటప్పుడు

మరిగిస్తే అన్నీ పోతాయా?

సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడతాయి. నైట్రేట్ ఎక్కువున్న బోరు నీళ్లు మరిగించి పసిబిడ్డకు పాలపొడి కలిపి పట్టడం మరీ ప్రమాదం. ఈ మాటను ప్రతి తల్లికీ విడిగా చెప్పండి.

ఫలితం చెడ్డగా వచ్చింది. బోరు మూసేయమనాలా?

వద్దు. ఫ్లోరైడ్ 3 ఉన్న నీళ్లు తాగడానికి, వంటకు పనికిరావు. స్నానానికి, బట్టలకు, పశువుల కొట్టం కడగడానికి నిక్షేపంగా పనికొస్తాయి. పంపు మీద "తాగడానికి కాదు" అని రాయించి, తాగడానికి దగ్గరలో ఏ బోరు మంచిదో అదే రోజు చూపించండి. ఇంకో దారి చూపకుండా భయపెడితే మర్నాటి నుంచి మళ్లీ అదే నీళ్లు తాగుతారు. ప్రకటించే ముందు ఒకసారి మళ్లీ నమూనా పట్టి నిర్ధారించుకోవడం మీ బాధ్యత. బోరు యజమానికి అందరికన్నా ముందు చెప్పడం మర్యాద.

నల్లగొండ పద్ధతి ఇంట్లో చేసుకోవచ్చా?

ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన ఈ పద్ధతిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేరనిచ్చి, పై నీరు తీసుకుంటారు. బకెట్‌తోనూ చేయవచ్చు. పటిక మోతాదు మాత్రం ఆ నీటి ఫ్లోరైడ్‌నూ, క్షారతనూ బట్టి మారుతుంది. ఆ రెండు అంకెలు లేకుండా చేయకండి. తేర్చిన నీటిని మళ్లీ పరీక్షించకుండా తాగకండి.

కిట్ చూపించలేనివి ఉంటాయా? అవి ఎవరు చూస్తారు?

ఉంటాయి. యురేనియం, ఆర్సెనిక్, సీసం, పురుగుమందుల అవశేషాలు మామూలు గ్రామ కిట్లకు అందవు. యురేనియం పరిమితి లీటరుకు 0.03 మి.గ్రా., దానికి ప్రత్యేక యంత్రం కావాలి. పటాన్‌చెరు వంటి పారిశ్రామిక వాడల పక్కన ఉన్నా, గనుల పక్కన ఉన్నా కిట్‌తో సరిపెట్టుకోకుండా ప్రయోగశాలను అడగండి. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ప్రయోగశాలలున్నాయి, ప్రజలు కూడా నమూనాలు ఇవ్వవచ్చు. వెళ్లే ముందు ఫోను చేసి ఏ పరీక్షకు ఏ సీసా తేవాలో కనుక్కోండి.

వాడిన రసాయనాలు ఎక్కడ పారబోయాలి?

బావి గట్టున మాత్రం వద్దు. పరీక్ష నాళికల్లో మిగిలినదంతా మూత ఉన్న ఒక డబ్బాలో పోసుకుని ప్రయోగశాలకు అప్పగించండి. వెండి నైట్రేట్, క్రోమేట్ వాడే క్లోరైడ్ పరీక్ష ద్రావణానికి వేరే డబ్బా పెట్టాలి, క్రోమేట్ విషం. నల్లబడిన హెచ్2ఎస్ సీసాల్లో బ్లీచింగ్ పౌడరు ద్రావణం పోసి, అరగంట ఉంచాకే పారవేయాలి. ఆ సీసాలను కడిగి మళ్లీ వాడకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.